కంప్యూటర్ ఉత్తరాలు: ఐ7 పేరు చూసి మోసపోవాలా?

ప్రశ్న: సార్, నేను కాలేజీలో చదువుతున్నాను. సెలవుల్లో పని చేసి కూడబెట్టిన డబ్బుతో గేమింగ్ పీసీ కట్టుకుందామని ఆశ. తెలిసినాయన ఒకాయన ఐ7 ఉన్న పాత సిస్టమ్ తక్కువకే ఇస్తానంటున్నాడు. మోడల్ అడిగితే ఐ7-2600 అన్నాడు. దానికి ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే ఏ గేమైనా ఆడుకోవచ్చట. కొత్తది కొంటే నా డబ్బుకు ఐ3 దగ్గరే ఆగిపోవాలి. ఐ7 వదులుకుంటే తెలివితక్కువ పనా?

జవాబు: వదులుకో బాబూ. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. 2600లో ముందున్న 2 తరాన్ని చెబుతుంది. అది రెండో తరం చిప్పు, 2011 నాటిది. నీ డబ్బుకు వచ్చే ఐ3-12100ఎఫ్ పన్నెండో తరం, 2022లో వచ్చింది. రెండింటికీ నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (ఒకేసారి నడిచే పని వరసలు). కాకపోతే కొత్త కోరు అదే వేగంలో తిరుగుతూ కూడా పాతదానికంటే చాలా ఎక్కువ పని చేస్తుంది. గేముల్లో తేడా తెలిసేది అక్కడే.

ఇంకో మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఏవీఎక్స్2 అనే సూచనల సమూహం ఇంటెల్ చిప్పుల్లోకి 2013లో వచ్చింది, నీ ఐ7లో అది లేదు. అది లేకపోతే తెరుచుకోని గేములు ఉన్నాయి. రెండోది, ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మూడోది ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఆర్‌ఎక్స్ 6600 కార్డు స్లాటులో పదహారు లేన్లకు (డేటా నడిచే దారులకు) బదులు ఎనిమిదే వాడుతుంది. ఆ స్లాటు రకం పేరు పీసీఐఈ, దాని 4.0 వెర్షన్‌లో ఆ ఎనిమిదీ చాలు. ఐ7-2600 దగ్గరున్నది పీసీఐఈ 2.0, అంటే దారి నాలుగో వంతుకు ఇరుకైపోతుంది. మంచి కార్డు కొని సందులో ఇరికించినట్టు ఉంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. నువ్వు ఏ గేములు ఆడతావో, ఏ మానిటర్ మీద ఆడతావో రాయలేదు. నన్నడిగితే భాగాల ఎంపిక వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందు గేము, తర్వాత మానిటర్, దాన్ని బట్టి కార్డు, కార్డును బట్టి ప్రాసెసర్, మిగతావన్నీ ఆ తర్వాతే. కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటి షూటర్లను 1080పీలో, సెట్టింగులు తగ్గించి, ఎక్కువ ఫ్రేములతో (సెకనుకు ఎక్కువ బొమ్మలతో) ఆడాలనుకుంటే బరువు ప్రాసెసర్ మీద పడుతుంది. అడవులూ నగరాలూ ఉన్న పెద్ద ఓపెన్ వరల్డ్ గేములను ఎక్కువ సెట్టింగుల్లో ఆడితే బరువంతా కార్డు మోస్తుంది. ఇప్పుడు ఆడుతున్న సిస్టమ్‌లో ఏది అడ్డుపడుతోందో తెలుసుకోవాలంటే రిజల్యూషన్ బాగా తగ్గించి చూడు. ఫ్రేములు పెరిగితే లోపం కార్డుది, ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసర్‌ది.

ఎవరు అడిగినా నేను చెప్పే లెక్క ఒకటుంది. మానిటర్ పక్కన పెట్టి మిగిలిన డబ్బును వంద భాగాలు చేస్తే నలభైకి అటూ ఇటూగా కార్డుకు వెళ్ళాలి. షూటర్లే నీ లోకమైతే అందులోంచి ఓ ఐదు ప్రాసెసర్‌కు జరుపు. ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగమైన స్టోరేజి) ఒకటి తప్పనిసరి, అది పాత రకం సాటా కనెక్షన్‌దైనా పరవాలేదు. కొత్త రకం ఎన్‌వీఎమ్‌ఈ కొంటే కాగితం మీద ఆరేడు రెట్ల వేగం కనబడుతుంది కానీ చాలా గేముల్లో లోడింగ్ తేడా కొన్ని క్షణాలే.

కార్డు ఎంచుకునేటప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చేయకు. కొత్తలో డబ్బా మీద ‘4 జీబీ’ అని అరచేయంత అక్షరాలు చూసి ఒక కార్డు కొన్నాను. పక్కింటి కుర్రాడి దగ్గర 1 జీబీ కార్డు ఉంటే జాలిపడ్డాను కూడా. ఆ సాయంత్రం ఇద్దరం ఒకే గేము పెట్టాం. నాది స్లైడ్ షోలా ఆగి ఆగి కదిలింది, వాడిది సాఫీగా నడిచింది. నా కార్డులోది నెమ్మదైన డీడీఆర్3 మెమరీ, వాడిదాంట్లో వేగమైన జీడీడీఆర్5. మెమరీ ఎంత ఉందన్నదే కాదు, ఏ రకమన్నదీ చూడాలని ఆ రోజు తెలిసింది.

ఈ తిరకాసు తర్వాతా పోలేదు. జీటీ 1030 అనే ఒకే పేరుతో రెండు కార్డులు వచ్చాయి. ఒకదాని మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, రెండోదానిది 17 జీబీ లోపు. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీకీ 6 జీబీకీ తేడా మెమరీలోనే ఉందనుకుంటారు. 6 జీబీ దాంట్లో కోర్లు 2,560 నుంచి 2,304కు తగ్గాయి, బస్సు (మెమరీకి డేటా వెళ్ళే దారి) 128 బిట్ల నుంచి 96కు తగ్గింది. అలాగని దాన్ని పూర్తిగా తీసిపారేయను. 70 వాట్లతో నడుస్తుంది, చాలా మోడళ్ళకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఆఫీసు నుంచి వచ్చిన పాత డెస్క్‌టాప్‌లో పెట్టడానికి అంతకంటే సులువైంది దొరకదు. నీలా మొదటి నుంచీ కట్టుకునేవాళ్ళకు మాత్రం 8 జీబీ, 128 బిట్లకు తగ్గొద్దంటాను.

ప్రశ్న: మా అబ్బాయి గేమింగ్ పీసీ కోసం పోరు పెడుతున్నాడు. ఈసారికి గ్రాఫిక్స్ కార్డు లేకుండా కొని, దాన్ని తర్వాత చూద్దామనుకుంటున్నాను. రైజెన్ 5 5600, 5600జి అని రెండున్నాయి. ఒక అక్షరం ఎక్కువ ఉంది కాబట్టి జి మెరుగైనదేనా?

జవాబు: అక్షరం ఎక్కువైనా బలం ఎక్కువ కాదండీ. జి అంటే లోపలే గ్రాఫిక్స్ ఉన్నాయని గుర్తు. ఉత్త 5600 కొని కార్డు పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఇంటెల్‌లో ఎఫ్ అక్షరం సరిగ్గా దీనికి తిరగబడి పనిచేస్తుంది. ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు.

అయితే జి తీసుకుంటే కొంత వదులుకోవాలి. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే చిన్న, వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5600జిలో 16 ఎంబీ. పీసీఐఈ కూడా 4.0 నుంచి 3.0కు దిగుతుంది. రేపు మంచి కార్డు పెట్టాక ఈ తేడా ఫ్రేముల్లో తెలుస్తుంది. అందుకని ‘తర్వాత’ అంటే ఎప్పుడో మీరే తేల్చుకోండి. రెండు మూడు నెలలైతే అబ్బాయిని ఆగమని చెప్పి 5600, కార్డు కలిపి కొనండి. ఏడాది దాటేట్టుంటే జి కొనండి. తేలికపాటి గేములు సెట్టింగులు తగ్గించి ఆడుకుంటాడు.

జి కొంటే ర్యామ్ విషయంలో మొహమాటపడొద్దు. దానికి సొంత వీడియో మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. 16 జీబీ స్టిక్ ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. నాలుగు స్లాట్లున్న బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. పక్కపక్కనే పెట్టేసి డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) రాలేదని నాకు ఉత్తరాలు రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ తర్వాత బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్ళి ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ను దానిమీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. 3200 అని రాసి ఉన్న కిట్లు చాలావరకు, ఎవరూ అడగకపోతే, అంతకంటే తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటాయి.

ప్రశ్న: ఆర్‌జీబీ ఫ్యాన్లు ఆరు పెడితే ఫ్రేములు పెరుగుతాయా?

జవాబు: పెరగవు. ముందు భాగం మూసుకుపోయిన అద్దం క్యాబినెట్ కాకుండా జాలీ ఉన్నది తీసుకో. ముందు రెండు, వెనక ఒకటి చాలు. రంగులు నీ ఇష్టం.

ప్రశ్న: క్యాబినెట్‌తో పాటు 500 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు అందించే పెట్టె) ఉచితంగా వస్తోంది. రైజెన్ 5 5600, ఆర్‌ఎక్స్ 6600 పెడుతున్నాను. మళ్ళీ ఎస్‌ఎమ్‌పీఎస్‌కు డబ్బు ఎందుకు తగలేయాలి?

జవాబు: ఉచితంగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి నా దగ్గరా ఉండేది. ఒక రాత్రి టప్‌మని చప్పుడైంది, గదంతా కాలిన వాసన. తాను పోతే పోయింది, బోర్డునూ హార్డ్‌డిస్క్‌నూ వెంట తీసుకుపోయింది. డిస్కులో ఎనిమిదేళ్ళ ఫొటోలు. అప్పటినుంచీ నేను ముందు చూసేది దాని పక్కనున్న స్టిక్కరే.

మీరూ ఆ స్టిక్కర్ చూడండి. పైన 500 అని ఉంటుంది, కింద గడిలో +12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. దాన్ని పన్నెండుతో గుణించండి. 18 ఆంపియర్లే అని ఉంటే వచ్చేది 216 వాట్లు. ప్రాసెసరూ కార్డూ బతికేది ఆ పన్నెండు వోల్టుల మీదే. మిగతా వాట్లు ఎవరికీ అక్కర్లేని లైన్లలో చూపించి మొత్తం పెంచుతారు. మీ కార్డు 132 వాట్లది, ప్రాసెసర్ రేటింగు 65. ఫ్యాన్లు, డిస్కు, బోర్డు కలిపినా 250కి అటూ ఇటూనే. అందుకని 750 వాట్లదీ వద్దు. నిజాయితీగా ఇచ్చే 450, 500 వాట్లది ధారాళంగా సరిపోతుంది.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే మంచిదే, కానీ అది సామర్థ్యానికి గుర్తు. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర 85 శాతం కరెంటును పనికి వాడుతుందని చెబుతుంది. వోల్టేజీ పెరిగితే, షార్టయితే తనను తాను ఆపేసుకుంటుందో లేదో ఆ ముద్ర చెప్పదు. ఆ రక్షణలు ఉన్నాయో లేవో వివరాల కాగితంలో విడిగా చూడాలి. మరో మాట, కేబుళ్ళు విడిగా వచ్చే మాడ్యులర్ రకం కొంటే పాతదాని కేబుళ్ళు కొత్తదానికి పెట్టొద్దు. ప్లగ్గు చక్కగా దూరుతుంది, లోపల పిన్నుల వరస వేరుగా ఉండవచ్చు. డిస్కులు కాలిపోయేది అలాగే.

ప్రశ్న: రైజెన్ ప్రాసెసర్ల కోసం ఉన్న ఏఎమ్4 సాకెట్ బోర్డు పాతబడిందని అందరూ భయపెడుతున్నారు. అప్పు చేసైనా ఏఎమ్5 కొనమంటారా? నేను ఆడేదల్లా రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గంట.

జవాబు: ఆ గంట కోసం అప్పు వద్దమ్మా. ఏఎమ్5 2022లో వచ్చింది, డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది. ఏఎమ్4 తీసుకునేది డీడీఆర్4. కాబట్టి ఇవాళ కొన్న ర్యామ్ రేపు అటు రాదు, మారితే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ మారాలి. ఏఎమ్4కు వ్యతిరేకంగా గట్టిగా నిలబడే వాదన అదొక్కటే. కానీ భవిష్యత్తులో ప్రాసెసర్ మారుస్తామని కొన్నవాళ్ళలో నిజంగా మార్చినవాళ్ళు నాకు ఎక్కువమంది తగల్లేదు. మారుస్తారనే అనుకున్నా, ఏఎమ్4లోనే 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న 5800ఎక్స్3డీ లాంటివి ఉన్నాయి, వాడినదైనా దొరికితే చాలా ఏళ్ళు లాగిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. బీ450 లాంటి పాత బోర్డు కొంటే బయాస్ అప్‌డేట్ చేసి ఇమ్మనండి. పాత బయాస్‌తో 5000 వరస ప్రాసెసర్ అసలు లేవదు.

ప్రశ్న: 5600జి, ఆర్‌ఎక్స్ 6600, 144 హెర్ట్జ్ మానిటర్. అన్నీ కొత్తవే. అయినా గేము పాత ల్యాప్‌టాప్‌లోలాగే ఈడుస్తోంది, తెరలోనూ తేడా లేదు. కార్డు పాడైందంటారా?

జవాబు: కార్డును అనుమానించే ముందు సిస్టమ్ వెనక్కి వెళ్ళండి. మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారు? పైన, యూఎస్‌బీల పక్కన నిలువుగా ఉన్న సాకెట్‌లో పెట్టి ఉంటే అది బోర్డుది. మీ ప్రాసెసర్‌లో జి ఉంది కాబట్టి అక్కడి నుంచీ బొమ్మ వస్తుంది, అందుకే మీకు అనుమానం రాలేదు. కింద అడ్డంగా ఉన్నవి కార్డు సాకెట్లు. అందులోకి మార్చండి. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఉందేమో చూసి 144 చేయండి. 60 దగ్గర ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడితే 144 దగ్గర 6.9 నిలబడుతుంది, మౌస్ కదిపితేనే తెలిసిపోతుంది. 144 ఆప్షనే కనబడకపోతే డిస్‌ప్లేపోర్టు కేబుల్ వాడి చూడండి. ఇవన్నీ చేశాక కూడా ఈడుస్తుంటే మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరంతో పాటు ఫొటో కూడా పంపండి, రంగుల లైట్లున్న ముందు వైపుది కాదు, వెనక వైపుది.