బిడ్డా, ముందు ఆ తలుపు సంగతి చూడు

బిడ్డా,

హన్మకొండలో ఆ స్కూలుకు వికలాంగుల బాత్రూమ్‌ల డిజైన్ నీకు అప్పజెప్పారని మీ బాపు రాత్రి ఫోన్ చేశాడు. పడుకున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను, తర్వాత నాకే నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసినవాణ్ని, నా టెన్షన్ నాది, విను.

కొలతలు నీకు తెలిసినవే. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగులు, తలుపు తీస్తే 900 మిల్లీమీటర్ల దారి, లోపల వీల్‌చైర్ తిరగడానికి 1500, కమోడ్ సీటు 450 నుంచి 480 ఎత్తు. గడప పెట్టొద్దు. నీళ్లు బయటికొస్తాయని మనవాళ్లు బాత్రూమ్ నేలను రెండించులు దించి కడతారు, కుర్చీ చక్రం అక్కడే ఆగిపోతుంది. నేల సమంగా ఉంచి జాలీ వైపు వాలు ఇప్పించు, టైల్స్ గరుకువి వేయించు, బకెట్ నీళ్లు పోసి నువ్వే చూసుకో.

తలుపు మాత్రం బయటికే తెరుచుకోవాలి. లేదా పక్కకు జరగాలి. లోపలికి వద్దే వద్దు.

మీ నాయనమ్మకు ఎడమ పక్క పక్షవాతం వచ్చినప్పుడు నువ్వింకా పుట్టలేదు. మేస్త్రీ కొడుకునని గొప్పగా వారంలో కమోడ్ బాత్రూమ్ కట్టాను. కుడి గోడలో నీళ్ల పైపు పోతోంది, డ్రిల్ చేస్తే పగులుతుందని పట్టుకునే రాడ్డు ఎడమ గోడకు బిగించాను. ఆమెకు పనిచేసేది కుడి చెయ్యి. లేవాలంటే ఆ చేతిని ఒంటి మీదుగా అవతలికి చాచి, మెలితిరిగి లేవాలి. రెండు నెలలు అట్లనే లేచింది, ఒక్క మాట అనలేదు. నేనూ ఒక్కసారి అడగలేదు.

ఒకరోజు తెల్లవారుజామున లోపల దబ్బుమని చప్పుడైంది. తలుపు నెడితే నాలుగు వేళ్లు పట్టేంత తెరుచుకుని ఆగింది, అవతల ఆమె కాలు అడ్డం. ఇంకా నెడితే ఆ కాలు మీదే పడుతుంది. గడ్డపార తెచ్చాను కానీ అది అవతల ఎక్కడ దిగుతుందో అని చేతులు ఆడలేదు. చివరికి రంపంతో పై పలక కోయడం మొదలుపెడితే లోపలినుంచి ఆమె, "మెల్లగ కొడుకా, తలుపు ఖరాబైతది" అంది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆమె మళ్లీ నడవలేదు.

అందుకే తిడతాను, ఏమనుకోకు. పోయినసారి లాప్‌టాప్‌లో గీసి చూపించావే, అందులో వాడే మనిషి ఎక్కడుంది? ముందు ఆ పిల్లల దగ్గర కూర్చో, ఎవరు ఏ పక్కనుంచి కుర్చీ దిగుతారో, ఏ చేత్తో పట్టుకుంటారో చూడు. పదిమంది వాడేది కాబట్టి గోడవైపు గట్టి రాడ్డు, రెండోవైపు పైకి మడిచే రాడ్డు పెట్టు. రెండు బాత్రూమ్‌లు ఉంటే ఒకటి కుడి పక్కనుంచి, ఇంకోటి ఎడమ పక్కనుంచి దిగేలా కట్టించు. నాలుగున్నర ఇంచుల గోడకు ప్లాస్టిక్ గట్టలతో టవల్ రాడ్డు బిగించినట్టు బిగిస్తారు, ఒప్పుకోకు, బరువైన మనిషిని ఆ రాడ్డుకు వేలాడమని చెప్పి చూడు. గొళ్లెం బయటినుంచి తీయగలిగేది కావాలి, సాయానికి పిలిచే గంట తాడు నేలమీద పడ్డవాళ్ల చేతికీ అందాలి.

ఇంకోటి. ఇక్కడ ఒక ఆఫీసులో వికలాంగుల బాత్రూమ్ చక్కగానే కట్టారు, లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ భోజనానికి పోయాడు. చూసి నాకు ఏడుపొచ్చింది. సామాన్ల గది వేరే గీయి బిడ్డా, లేకపోతే నీ బాత్రూమే సామాన్ల గది అవుతుంది.

సద్దుల బతుకమ్మకు వచ్చేటప్పుడు ఆ డ్రాయింగ్ తీసుకురా. నాయనమ్మ వీల్‌చైర్ అటక మీదే ఉంది, దించి దుమ్ము దులిపి పెడతాను. సుద్దముక్కతో వాకిట్లో నీ బాత్రూమ్ గీద్దాం, నువ్వు కుర్చీలో కూర్చో, నేను తలుపు దగ్గర నిలబడతా.

మీ పెద్దబాపు