యువతలో మత్తు అలవాట్ల నివారణ: శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, దేన్ని ఎంచుకోవాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు ఎం.ఎస్.డబ్ల్యూ. పూర్తి చేసి, ఆరు నెలల క్రితం శ్రీకాకుళం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరారు. పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో పిల్లలు మత్తు పదార్థాల జోలికి పోకుండా చూసే పని మీకు అప్పగించారు గాని, ఆ పని ఎలా చేయాలో ఎవరూ నేర్పలేదు. శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, దేనికి డబ్బు పెట్టవచ్చు, ఈ రంగంలో కొత్త విషయాలు ఎలా తెలుస్తాయి అని అడిగారు. ఉత్తరాంధ్రలో పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

శిక్షణ విలువ నాకు తెలిసివచ్చింది అది లేకుండా పనిచేసిన మొదటి ఏడాదిలోనే. ఒక జూనియర్ కళాశాలలో రెండు వందల మంది విద్యార్థులను ఒకే హాలులో కూర్చోబెట్టి, పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి, మత్తు నుంచి కోలుకున్న ఒక యువకుడి చేత అతని కథ చెప్పించి, ఒక పోలీసు అధికారి చేత చట్టం గురించి హెచ్చరింపజేసి, చివరికి అందరి చేతా ప్రతిజ్ఞ చేయించాను. మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. వారం తరువాత అదే కళాశాలకు మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక అబ్బాయి పక్కకు పిలిచి, ఆ అన్నయ్య చెప్పిన మాత్రలు మన ఊళ్ళో కూడా దొరుకుతాయా మేడమ్ అని అడిగాడు. అతని గొంతులో కొంటెతనం లేదు, నిజమైన కుతూహలమే ఉంది. ఆ కుతూహలం పుట్టించింది నా కార్యక్రమమేనని గ్రహించాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను చేసిన పొరపాట్లన్నీ వరుసగా రాసిపెట్టి ఉన్న పత్రం ఒకటుందని తరువాత తెలిసింది. మాదకద్రవ్యాల వాడకం నివారణకు అంతర్జాతీయ ప్రమాణాలను ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2013లో ప్రచురించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి దాని రెండో కూర్పును తెచ్చింది. కేవలం ఉపన్యాసం, కేవలం సమాచారం, ముఖ్యంగా భయపెట్టే సమాచారం, మాజీ వ్యసనపరుల చేత అనుభవాలు చెప్పించడం, పోలీసు అధికారుల చేత పాఠాలు చెప్పించడం వంటివి పాఠశాలల్లో ఫలితం ఇవ్వలేదనీ, కొన్నిచోట్ల ఎదురు తిరిగాయనీ అందులో ఉంది. పనిచేసేవి ఏమిటో కూడా అదే పత్రం చెబుతుంది. వారాల తరబడి వరుసగా సాగే తరగతుల్లో పిల్లలే మాట్లాడి, నటించి, సాధన చేసి నేర్చుకునే జీవన నైపుణ్యాలు, తల్లిదండ్రులకు పెంపకంలో ఇచ్చే శిక్షణ, చిన్న తరగతుల్లో ఉపాధ్యాయుడు తరగతిని నడిపే పద్ధతి, పొగాకు, మద్యం పిల్లలకు అందకుండా చేసే నిబంధనలు వాటిలో ముఖ్యమైనవి. మీరు ఏ శిక్షణకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఈ ప్రమాణాలను మాత్రం ముందే చదవండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఇక శిక్షణల విషయం. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది కొలంబో ప్లాన్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల సహకార సంస్థ రూపొందించిన యూనివర్సల్ ప్రివెన్షన్ కరిక్యులమ్, అంటే నివారణ పనివారి శిక్షణ పాఠ్యక్రమం. మనవాళ్ళు దీన్ని యూ.పీ.సీ. అంటారు. కార్యక్రమాలను నిర్వహించే సమన్వయకర్తలకు ఒక శ్రేణి, క్షేత్రంలో స్వయంగా పనిచేసేవారికి మరొక శ్రేణి ఇందులో ఉన్నాయి. సమన్వయకర్తల శ్రేణిలో నివారణ శాస్త్ర పరిచయంతో మొదలుపెట్టి, మత్తు పదార్థాలు శరీరంపై పనిచేసే తీరు, కార్యక్రమ మూల్యాంకనం, కుటుంబం, పాఠశాల, పని ప్రదేశం, పరిసరాలు, మాధ్యమాలు, సమాజం అని తొమ్మిది భాగాలు ఉంటాయి. మీరు పాఠశాలల్లో పనిచేస్తున్నారు కనుక పరిచయ భాగం తరువాత పాఠశాలకు సంబంధించిన భాగాన్నే ఎంచుకోండి. అన్నీ ఒకేసారి చేయాలని తొందరపడవద్దు.

నేను వెళ్ళిన శిక్షణ ఐదు రోజులు జరిగింది. మూడో రోజున ప్రతి ఒక్కరూ ఇరవై నిమిషాల తరగతి నడపాలి. మిగతావారు తొమ్మిదో తరగతి పిల్లల్లా కూర్చుంటారు. నేను మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే శిక్షకురాలు ఆపి, ఇప్పటివరకు పిల్లలు ఎన్ని నిమిషాలు మాట్లాడారని అడిగారు. ఒక్క నిమిషం కూడా లేదు. ఆ తరువాత ఆమె చేయించిన అభ్యాసాన్ని నేటికీ ప్రతి పాఠశాలలో చేయిస్తున్నాను. మీ తరగతిలో వందకు ఎంతమంది సిగరెట్ తాగి ఉంటారని అనుకుంటున్నారో చీటీ మీద రాయమంటాను, తాము ఎప్పుడైనా తాగారో లేదో పేరు లేకుండా వేరే చీటీ మీద రాయమంటాను. నేను నడిపిన తరగతుల్లో దాదాపు ప్రతిసారీ మొదటి అంకె చాలా పెద్దది, రెండోది చాలా చిన్నది. 'అందరూ చేస్తున్నారు' అన్న భ్రమ బోర్డు మీద అంకెల రూపంలో వీగిపోయినప్పుడు తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. పది ఊపిరితిత్తుల బొమ్మలకు కూడా అంత బలం లేదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. వాడేవారి సంఖ్య నిజంగానే ఎక్కువగా ఉండే అవకాశమున్న చోట చీటీలను ముందే సేకరించి, లెక్క చూసుకున్న తరువాతే ఈ అభ్యాసం చేయాలి.

ప్రభుత్వపరంగా చూస్తే, కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ కింద ఢిల్లీలోని ద్వారకలో ఉన్న జాతీయ సామాజిక రక్షణ సంస్థ, అంటే ఎన్.ఐ.ఎస్.డి., ఈ రంగంలో శిక్షణకు ముఖ్య కేంద్రం. 2018లో మొదలైన మాదకద్రవ్యాల డిమాండ్ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద నిధులు పొందే సంస్థల సిబ్బందికి ఇది నేరుగానూ, రాష్ట్ర స్థాయి సమన్వయ సంస్థల ద్వారానూ శిక్షణ ఇస్తుంది. మీ సంస్థకు తోటి పిల్లల ద్వారా పిల్లలను చేరుకునే సీ.పీ.ఎల్.ఐ. ప్రాజెక్టు గాని, మత్తు వాడేవారిని వారున్న చోటే కలిసి, వచ్చినవారికి సలహా ఇచ్చే ఔట్‌రీచ్ అండ్ డ్రాప్-ఇన్ సెంటర్ గాని ఉంటే మీ పేరు పంపించడం తేలిక. లేకపోతే మత్తు లేని భారత్ కోసం కేంద్రం చేపట్టిన నషా ముక్త్ భారత్ అభియాన్ జిల్లా కమిటీ ద్వారా ప్రయత్నించండి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన ఈ కార్యక్రమాన్ని తరువాత అన్ని జిల్లాలకూ విస్తరించారు. నవచేతన పేరుతో పాఠశాల ఉపాధ్యాయులకు జీవన నైపుణ్యాలు, మాదకద్రవ్యాలపై అవగాహన కలిగించే శిక్షణ మాడ్యూళ్ళు కూడా అదే మంత్రిత్వ శాఖ తెచ్చింది. మీరు ఒక్కరే పాతిక పాఠశాలలు తిరగడం కంటే, ఒక్కో పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు ఈ మాడ్యూళ్ళు నేర్చుకునేలా చూడడం ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం.

నివారణ పనిలో ఉన్నా చికిత్స గురించి కొంత తెలియక తప్పదు, ఎందుకంటే తరగతి ముగిశాక ఎవరో ఒక పిల్లవాడు వచ్చి తన సంగతి చెప్పుకుంటాడు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ, అంటే నిమ్‌హాన్స్, వ్యసన వైద్య కేంద్రం వీడియో ద్వారా నడిపే కేసు చర్చలు నాకు ఈ విషయంలో ఎంతో ధైర్యాన్నిచ్చాయి. గజియాబాద్‌లోని ఎయిమ్స్ వారి జాతీయ మాదకద్రవ్యాధీనత చికిత్స కేంద్రం కూడా శిక్షణ ఇస్తుంది గాని, అది ఎక్కువగా వైద్యులు, నర్సుల కోసం. 2019లో వెలువడిన జాతీయ సర్వేను నిర్వహించింది ఆ కేంద్రమే. మన పనికి ఆ నివేదికలో కీలకమైన అంశం ఒకటుంది. పీల్చే పదార్థాలు, అంటే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివి, పెద్దల్లో 0.58 శాతం మంది వాడుతుంటే 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం మంది వాడుతున్నారు. మిగతా మత్తు పదార్థాలన్నిటిలో పెద్దలదే పైచేయి; ఇందులో మాత్రం పిల్లలే ముందున్నారు.

ఈ అంకె చదివిన కొన్ని నెలలకే ఒక పాఠశాలలో ఏడో తరగతి పిల్లవాడి సంచిలో వైట్‌నర్ తడిపిన గుడ్డ దొరికింది. ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీ.సీ. ఇచ్చి పంపేయాలన్నారు. బడి నుంచి తీసేస్తే ఆ పిల్లవాడు రోజంతా వాడే చోటికే చేరతాడనీ, బడితో ఉన్న బంధమే అతనికి మిగిలిన రక్షణ అనీ నేను శిక్షణలో నేర్చుకున్నదే ఆయనకు రెండు గంటలు చెప్పాను. చివరికి ఒప్పుకున్నారు. మరునాడు ప్రార్థన సమయంలో ఏయే వస్తువులు పీల్చకూడదో జాబితా చదివి హెచ్చరిస్తానంటే మాత్రం మళ్ళీ బతిమాలుకోవలసి వచ్చింది, తెలియని పిల్లలకు ఆ జాబితానే దారి చూపిస్తుంది కనుక. ఆ పిల్లవాడి తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటేది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు అతను ఎక్కడ ఉండాలన్నదే అసలు సమస్య. మేనత్త ఇంట్లో ఉండేలా ఏర్పాటు చేశాక, వారానికోసారి నేను మాట్లాడుతూ వచ్చాక, నెమ్మదిగా మానాడు. పదో తరగతి దాటాడు కూడా.

మీకు ఎదురయ్యే మరో ఇబ్బంది భాష. శిక్షణలన్నీ దాదాపు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి, మనం మాట్లాడవలసింది టెక్కలి, పలాస పిల్లలతో. క్రేవింగ్ అన్న మాటను మొదట్లో 'తీవ్ర వాంఛ' అని చెప్పేదాన్ని, ఎవరికీ ఎక్కలేదు. 'నాలుక పీకడం', 'ప్రాణం లాగడం' అని పిల్లలే చెప్పుకుంటారని తరువాత గమనించాను. మానినవారు తిరిగి వాడడాన్ని, అంటే రిలాప్స్‌ను, 'మళ్ళీ పడిపోయాడు' అనే బదులు 'మళ్ళీ మొదలైంది' అంటే నింద తగ్గుతుంది. తాగుబోతు, గంజాయి గాడు వంటి మాటలను శిక్షణ నుంచి వచ్చిన మొదటి రోజే మా కార్యాలయంలో మాన్పించాను. మీరు శిక్షణలో కూర్చున్నప్పుడే పక్కన ఒక పుస్తకం పెట్టుకుని, ప్రతి సాంకేతిక పదానికీ మీ పిల్లలు వాడే మాట ఏమిటో రాసుకోండి. తిరిగి వచ్చాక ఆ పుస్తకమే మీకు ఎక్కువగా పనికొస్తుంది.

చట్టాల గురించి మూడు విషయాలు నోటికి వచ్చి ఉండాలి. 2003 నాటి పొగాకు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపువారికి గాని, విద్యాసంస్థకు వంద గజాల లోపు గాని పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం వైద్యుడి సలహా లేకుండా పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ మూడో విషయం చెప్పినప్పుడే తల్లిదండ్రులు నోరు విప్పుతారు. నంబర్ల విషయంలోనూ తేడా తెలిసి ఉండాలి. 14446 మత్తు నుంచి బయటపడాలనుకునేవారికి సలహా ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్, 14416 మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్, 1972 మన రాష్ట్రంలో మాదకద్రవ్యాల రవాణా, అమ్మకాలపై ఈగల్ పోలీసు విభాగానికి సమాచారం ఇచ్చేది. పిల్లలకు ఇచ్చే కాగితం మీద మొదటి రెండూ ఒకచోట, మూడోది వేరేచోట ముద్రించండి. అన్నీ కలిపేస్తే సలహా కోసం ఫోన్ చేయవలసిన పిల్లవాడు పోలీసులు వస్తారని భయపడతాడు.

కొత్త విషయాలు తెలుసుకోవడానికి దినపత్రిక చాలదు. అందులో వచ్చేవి ఎక్కువగా పట్టివేతల వార్తలు. ఎన్ని కిలోల గంజాయి దొరికిందో తెలుసుకోవడం వల్ల రేపటి తరగతి మెరుగుపడదు. మత్తు పదార్థాల రంగంలో పనిచేసేవారి అంతర్జాతీయ సమాజం, అంటే ఇస్సప్‌లో ఉచితంగా సభ్యత్వం తీసుకోవచ్చు. వెబినార్లు, కోర్సులు, కొత్త పరిశోధనల సమాచారం అక్కడ దొరుకుతుంది, భారత శాఖ కూడా ఉంది. ఏటా జూన్ 26కు అటూ ఇటూగా ఐక్యరాజ్యసమితి ప్రపంచ మాదకద్రవ్యాల నివేదిక వస్తుంది. అంతా చదవలేకపోయినా యువతకు సంబంధించిన భాగం చూడండి. నెలకు ఒక సాయంత్రాన్ని ఈ చదువుకే కేటాయించుకోవడం నాకు అలవాటు.

డబ్బు విషయంలో నా పొరపాటు కూడా చెబుతాను. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట ఒక ప్రైవేటు సంస్థకు ఆరు వేల రూపాయలు కట్టి, నాలుగు గంటల వీడియోలు చూసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అందులో ఒక్క సాధన లేదు, నా పని చూసి తప్పు చెప్పినవారు లేరు, ఆ సర్టిఫికెట్‌ను ఎవరూ అడగలేదు కూడా. అప్పటినుంచి ఏ శిక్షణకైనా చేరే ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: నా చేత తరగతి నడిపించి చూస్తారా, తిరిగి వెళ్ళాక సందేహం వస్తే ఎవరిని అడగాలి? రెండిటికీ సమాధానం లేకపోతే ఉచితమైనా వెళ్ళను.

వచ్చే వారమే మీ సంస్థ కార్యదర్శి గారి చేత ఎన్.ఐ.ఎస్.డి. శిక్షణకు మిమ్మల్ని ప్రతిపాదిస్తూ లేఖ రాయించండి. ఆహ్వానం వచ్చాక రాయించాలనుకుంటే గడువు దాటిపోతుంది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది. లేఖలో మీరు పనిచేస్తున్న పాఠశాలల సంఖ్య, తరగతులు, ఇప్పటివరకు నడిపిన కార్యక్రమాలు స్పష్టంగా ఉండాలి. ఈలోగా చీటీల అభ్యాసం చేయించాలనుకుంటే ఇక్కడే అడగండి, నేను వాడే ప్రశ్నల కాగితం తెలుగులోనే ఉంది, పూర్తిగా టైపు చేసి పెడతాను.