సమాధానం: దారా సింగ్ గురించి బాబు ఏం మాట్లాడాలి?

అన్నా, మీ బాబు హన్మకొండలో బడి పోటీకి దారా సింగ్ మీద మూడు నిమిషాలు మాట్లాడాలి. తాతేమో "అసలైన పహిల్వాన్" అంటున్నాడు, బాబేమో "అంతా ఉత్తుత్తి ఫైటింగ్" అంటున్నాడు, అదేగా మీ టెన్షన్?

ఇద్దరి మాటా నిజమే. 1928లో పంజాబ్‌లోని ధర్మూచక్‌లో పుట్టిన దారా సింగ్ మట్టి కుస్తీలో ఎదిగి, తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు వెళ్లాడు. అక్కడ గెలుపోటములు ముందే అనుకుంటారు. అయినా కింగ్‌కాంగ్ అనే దాదాపు 200 కిలోల రెజ్లర్ వచ్చి మీద పడితే నొప్పి మాత్రం ఉత్తుత్తిది కాదు! 1968లో బొంబాయిలో అమెరికా రెజ్లర్ లూ థెజ్‌పై గెలుపు తప్పక చెప్పించండి. '500 కుస్తీల్లో ఓటమే లేదు' అన్న ముక్క ఉంటే తీసేయండి, అలాంటి ఆటలో ఆ లెక్కకు అర్థం లేదు.

మొదలు మాత్రం ఆయన వేసిన హనుమంతుడి వేషంతోనే పెట్టించండి. 1987లో దూరదర్శన్ రామాయణం మొదలయ్యేనాటికి ఆయనకు అరవైకి దగ్గర. మా కాజీపేటలో ఆదివారం పొద్దున వాడకట్టంతా చెప్పులు బయట విడిచి ఒకే టీవీ ముందు కూర్చునేది. ఆయన గద ఎత్తగానే మా నాయనమ్మ టీవీకి దండం పెట్టేది.

రాజ్యసభ సభ్యుడిగా ఉండటం, 2012లో మరణం ఒక్క వాక్యంలో చాలు. 2018లో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారని చెబితే మీ బాబే ఎగిరి గంతేస్తాడు.