ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే...

ప్రశ్న: ఆదోనిలో మాకు జిన్నింగ్ మిల్లు ఉంది. అహ్మదాబాద్ నుంచి స్పేర్ పార్టులు తెప్పిస్తాం. నిన్న వాళ్ల బిల్లు మెయిల్లో వచ్చింది. ‘పాత ఖాతా ఆడిట్లో ఉంది, ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని ఉంటే 4,80,000 రూపాయలు ఆర్టీజీఎస్ చేశాం. ఆ మెయిల్ తమది కాదంటున్నారు. బిల్లు నంబరు, సరుకు, మొత్తం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కంపెనీ పేరు మీదే పంపాం. మరి డబ్బు ఎవరికి పోయింది?

జవాబు: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. యూటీఆర్ నంబరు (డబ్బు పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే లావాదేవీ నంబరు), పంపిన సమయం, అవతలి ఖాతా నంబరు దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకూ రాసివ్వండి. ఇలాంటి డబ్బు మొదటి ఖాతాలో నిలవదు, చీలికలై వేరే ఖాతాలకు పోతుంది. దొరికినంత మటుకే ఆపగలరు. ఆపింది మీ చేతికి రావాలంటే మామూలుగా కోర్టు ఉత్తర్వు కావాలి.

పేరు సంగతి చాలామందికి తెలియదు. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. పేరు మీరు ఏం రాసినా ఒకటే. అందుకే ఖాతాదారు పేరు ముందే చూసుకునే వీలు 2025 ఏప్రిల్ 1 లోపు కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. నంబరు, ఐఎఫ్ఎస్సీ (బ్యాంకు శాఖ కోడ్) కొట్టాక కంపెనీ పేరుకు బదులు ఎవరో మనిషి పేరు వస్తే అక్కడే ఆగాలి.

బిల్లు వివరాలంటారా, మీ మెయిల్లోనో వాళ్ల మెయిల్లోనో ఎవరో దూరి అన్నీ చదువుతున్నారు. ఆ మెయిల్ చిరునామాను అక్షరం అక్షరం చూడండి. ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే ఫోన్ తెరమీద తేడా తెలియదు. ఆనక మీ మెయిల్ సెట్టింగుల్లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు తెరవండి. మీకు తెలియని చిరునామా ఏదైనా ఉంటే తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వార్డింగ్ అలాగే ఉండిపోతుంది, మీ మెయిళ్లు ఆ దొంగకు పోతూనే ఉంటాయి. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటిదీ అడిగేది) పెట్టుకోండి. గుమస్తాలందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు మాత్రం మానాల్సిందే.

ఇకమీదట ఖాతా మారిందంటే పాత బిల్లు మీది నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేదీ వాడే.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బట్టల షాపు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఫైళ్లు తెరుచుకోవడం లేదు, బిట్‌కాయిన్ కట్టమని తెర మీద వస్తోంది.

జవాబు: ఇది ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్. నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఫార్మాట్ చేయించొద్దు, ఆధారాలు పోతాయి. బ్యాకప్ డ్రైవ్‌ను ఆ సిస్టానికి తగిలించొద్దు, అదీ లాక్ అవుతుంది. ఎప్పుడూ తగిలించే ఉంచిన డ్రైవ్ అసలు బ్యాకప్పే కాదు. తాళం తెరిచే ఉచిత టూలు ఉందేమో ‘నో మోర్ రాన్సమ్’ సైటులో చూడండి, కొన్ని రకాలకే దొరుకుతుంది. ఇంటి నుంచి టాలీ చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేసి ఉంటే, దొంగ వచ్చిన దారి బహుశా అదే. రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి అయిన 3389 పోర్టును రూటరులో మూయించి, వీపీఎన్ (బయటివాళ్లు దూరలేని రహస్య దారి) పెట్టించుకోండి. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయన్న పూచీ లేదు.