చింగ్‌మింగ్, ప్రేతాల పండుగ ఒకటి కావు

చైనా వాళ్ల చింగ్‌మింగ్, ప్రేతాల పండుగ ఒకటేనా, ఒకే కథ రాస్తే సరిపోతుందా అని పాప ప్రాజెక్టు కోసం అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, కానీ రెండూ కలపొద్దు. చింగ్‌మింగ్ సూర్యమానం ప్రకారం ఏప్రిల్ 4, 5 తేదీల్లో వస్తుంది, ఆ రోజు పెద్దల సమాధులు శుభ్రం చేస్తారు. దాని వెనక పొయ్యి వెలిగించకుండా చల్లని తిండి తినే పాత పండుగ ఉంది. పాతకాలం చైనాలోని జిన్ రాజ్యపు రాజు వెన్ అడవికి నిప్పు పెట్టిస్తే కాలిపోయిన నమ్మినబంటు జియె జిటుయి జ్ఞాపకంగా అది మొదలైందని చెప్పుకుంటారు. ఇది ఐతిహ్యమని తప్పకుండా రాయించండి. 732లో తాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ ఆ పండుగనాడు సమాధుల దగ్గర పూజలకు అనుమతిచ్చింది మాత్రం చరిత్రే.

ప్రేతాల పండుగ చాంద్రమానం ఏడో నెల 15న. ప్రేతలోకంలో ఆకలితో అలమటించే తల్లిని విడిపించిన మౌద్గల్యాయనుడి బౌద్ధ కథ దీనిదే. ఆయన మన దేశపు బుద్ధ శిష్యుడే, ఆ ముక్క వదలొద్దు!