సాఫ్ట్‌వేర్ అతను ఫోన్ ఎత్తడు, డేటా ఇవ్వడు... ఏం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలిలో మెడికల్ ఏజెన్సీ. చుట్టుపక్కల ఊళ్ల షాపులకి మందులు వేస్తాం. లైన్లు మావారు తిరుగుతారు, బిల్లింగ్, జీఎస్టీ నేను చూసుకుంటాను. కొన్నేళ్ల కిందట ఒకతను సాఫ్ట్‌వేర్ చేసిచ్చాడు, మొదట్లో బానే ఉండేది, ఇప్పుడు ఫోన్ ఎత్తడు. మందుల మీద జీఎస్టీ మారినప్పుడు కొన్నాళ్లు చేత్తో బిల్లులు రాశాం. మారదామంటే పాత డేటాకి డబ్బులు అడుగుతున్నాడు, వెబ్‌సైట్ పేరు కూడా తన మీదే రిజిస్టర్ చేసుకున్నాడట. ఇప్పుడు రెండు కొటేషన్లు ఉన్నాయి. హైదరాబాద్ కంపెనీ వాళ్ల రెడీమేడ్ ప్యాకేజీ, నెలనెలా కట్టాలి. మా ఊరి కుర్రాళ్లిద్దరు సగం రేటుకే కొత్తగా రాసిస్తామంటున్నారు. ఎవరికిద్దాం? – ఒక సోదరి, తెనాలి

జవాబు: ఎవరికివ్వాలో తర్వాత చూద్దామమ్మా, ముందు పాత డేటా చేతికి తెచ్చుకోండి. ఏ షాపుకి ఏ బ్యాచ్ వెళ్లింది, ఎవరి బాకీ ఎంత, ఏ సరుకు ఎప్పుడు ఎక్స్‌పైరీ, ఇదంతా మీ వ్యాపారం, అతనిది ప్రోగ్రాం మాత్రమే. పైగా జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి, రేపు ఆఫీసర్లు అడిగితే సాఫ్ట్‌వేర్ అతను ఇవ్వలేదండీ అంటే ఒప్పుకోరు. సాఫ్ట్‌వేర్ ఇంకా ఓపెన్ అవుతోంది కదా, ఈ వారమే కూర్చుని పార్టీ లెడ్జర్లు, బ్యాచ్‌వారీ స్టాకు, సేల్స్, పర్చేజ్ రిజిస్టర్లు ఏడాదివారీగా ఎక్సెల్లోకి తీసుకోండి. జీఎస్టీ పోర్టల్లో మీరు ఫైల్ చేసిన బిల్లులు దొరుకుతాయి గానీ బ్యాచ్, ఎక్స్‌పైరీ అక్కడ ఉండవు. ఇంకా మిగిలిందేమైనా అతనే తీసివ్వాల్సి వస్తే, న్యాయమైన మొత్తమైతే గొడవ పడకుండా ఇచ్చేయండి, ఆ డబ్బుతోనే డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కూడా మీ పేరు మీదకి, మీ ఈమెయిల్‌కి మార్చమనండి, రెండూ అయ్యాకే చెల్లించండి.

ఇక కొటేషన్లు. ఇద్దర్నీ ఒకటే అడగండి, 2025 సెప్టెంబర్ 22న చాలా మందులకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ రోజు మీ కస్టమర్లకి అప్‌డేట్ ఎప్పుడిచ్చారు, డబ్బులు తీసుకున్నారా అని. వాళ్లిచ్చిన నంబర్లకే కాకుండా మీరు సరుకు తెచ్చుకునే స్టాకిస్టులని కూడా కనుక్కోండి. డెమోకి వాళ్ల శాంపిల్ బిల్లు వద్దు, మీ దగ్గర రోజూ తలనొప్పిగా ఉండేవి పెట్టండి: 10+1 స్కీమ్ (పది కొంటే ఒకటి ఉచితం) ఉన్న బిల్లు, షాపు నుంచి వచ్చిన ఎక్స్‌పైరీ రిటర్న్‌కి క్రెడిట్ నోట్ (ఆ మేరకు బాకీ తగ్గించే కాగితం), ఒకే మందు రెండు ఎంఆర్‌పీలతో ఉండటం. మీ టర్నోవర్ ఏ ఏడాదైనా 5 కోట్లు దాటి ఉంటే 2023 ఆగస్టు నుంచే ఈ-ఇన్‌వాయిస్ (షాపులకిచ్చే బిల్లుని ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయడం) తప్పనిసరి, అది కూడా చేయించి చూడండి.

నా మాటైతే మీలాంటి ఏజెన్సీకి కొత్తగా రాయించుకోవడం వద్దు. ఆ కుర్రాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ రేపు ఒకతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తే మళ్లీ ఇదే కథ కదా. ఇంకోటి, చాలామందికి తెలియదు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్లతో డబ్బులిచ్చి రాయించుకున్న ప్రోగ్రాం మామూలుగా రాసినవాళ్లదే, రాతపూర్వకంగా మీకు బదిలీ చేస్తేనే మీది, ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు. కాబట్టి ప్యాకేజీ కంపెనీది తీసుకోండి, కంప్యూటర్లు, ప్రింటర్లు, నెట్‌వర్క్ చూసుకోడానికి ఆ కుర్రాళ్లకి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఇవ్వండి, రాత్రి ఎనిమిదింటికి ప్రింటర్ ఆగిపోతే హైదరాబాద్ నుంచి ఎవరూ రారు.

కంపెనీతో రాసుకునే కాగితంలో ఇవి ఉండాల్సిందే: మేం డబ్బు కట్టడం ఆపేసినా డేటా మొత్తం ఎక్సెల్లో ఇవ్వాలి, నెట్ పోయినా బిల్లు కొట్టగలగాలి, కంప్లయింట్ ఇస్తే ఎన్ని గంటల్లో చూస్తారో, రేటు ఏడాదికి ఎంతవరకే పెంచుతారో. డబ్బులన్నీ ముందే ఇవ్వకండి, ఒక నెల రిటర్న్ లెక్కలు టాలీ అయ్యాకే చివరి వాటా. వీలుంటే ఏప్రిల్ 1న మొదలుపెట్టండి, ఆర్థిక సంవత్సరం మారితే బిల్లు నంబర్లు కొత్త సిరీస్‌లో వేసుకోవచ్చు కాబట్టి పాతవాటితో కలిసిపోవు (నంబర్ 16 అక్షరాలు దాటకూడదు). దానికి ముందు మార్చిలో కొన్ని రోజులు రెండిట్లోనూ కొట్టి చూసుకోండి, పని డబుల్ అవుతుంది, తెలుసు, అయినా చేయండి.

అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి, సపోర్ట్ వాళ్లు రిమోట్‌లో చూస్తామంటే మీరు ఎదురుగా కూర్చున్నప్పుడే ఇవ్వండి, ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. బ్యాకప్ రోజూ అవుతోందని వాళ్లు చెబితే సరిపోదు, ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్లో ఓపెన్ చేసి నిన్నటి బిల్లు చూపించమనండి, ఇది మూణ్ణెల్లకోసారైనా చేయించండి. కంప్లయింట్లు ఫోన్లో కాకుండా స్క్రీన్‌షాట్‌తో వాట్సాప్‌లో పెట్టండి, ఏది ఎప్పుడు చెప్పారో ఉంటుంది. అలాగే ఏఎంసీ డబ్బులు మీరు కూడా టైముకి ఇచ్చేయండి.