‘కళ్ళకు గంతలు’ కొట్టెయ్

చెన్నై, టి. నగర్

చిరంజీవికి ఆశీస్సులు.

సైమల్ మీద, అంటే ఒకే ఆటగాడు బల్ల బల్లకీ తిరుగుతూ ఒకేసారి చాలామందితో చదరంగం ఆడే ప్రదర్శన మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1922లో క్లీవ్‌లాండ్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా 103 బల్లల మీద ఆడి 102 గెలిచాడు, ఒకటి డ్రా అయింది. నిజమే. దాని వెనకే ఇంకొకాయన అంకె, ఆ వెనక మరొకాయనది. నాలుగో పేరాకి నేను రైల్వే టైంటేబుల్ చదువుతున్నట్టు అయింది.

ముందు మాటల సంగతి చూద్దాం. ‘ఏకకాల బహుఫలక క్రీడా ప్రదర్శన’ అన్నావు. మన వీధిలో చదరంగం నేర్చుకునే పిల్లాణ్ణి అడుగు, ‘సైమల్’ అంటాడు. అది కూడా ‘ఆడుతున్నారు’ అనడు, కచేరీ ఇచ్చినట్టు ‘ఇస్తున్నారు’ అంటాడు. రష్యన్లు దాన్ని ‘సెయాన్స్’ అంటారు. సినిమా హాల్లో వేసే ఆటకీ వాళ్ళది అదే మాట. మనకు మాత్రం మొదటాట, రెండో ఆట లేవూ? 1972లో మన చదరంగం మాస్టర్ మాన్యుయెల్ ఆరన్, సోవియట్ ఛాంపియన్ తాల్ పేరుతో క్లబ్ పెట్టింది ఈ ఊళ్ళోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలోనే, ఆనంద్ చిన్నప్పుడు ఆడిందీ అక్కడే. అలాంటి ఊళ్ళో ఉంటూ ఆ మాట ఎలా వదిలేశావయ్యా?

ఇక పెద్ద తప్పు. ‘కళ్ళకు గంతలు కట్టుకుని ఆడాడు’ అని మూడు చోట్ల రాశావు. ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు దించేశావు. అక్కడ గంతలూ లేవు, గుడ్డా లేదు. ఆడే ఆయన బల్లలకు వీపు పెట్టి కూర్చుంటాడు. పక్కనున్న మనిషి ‘ఏడో బల్ల, గుర్రం ఫలానా గడికి’ అని చెబితే, ఈయన జవాబు చెబుతాడు. పాత ఇంగ్లీషు పత్రికలు దీనికి ఫ్రెంచి మాట వాడేవి, ‘సాన్ వ్వార్’ అని. అంటే ‘చూడకుండా’, అంతే. ఎంత నిజాయితీ గల మాటో చూడు. మనకైతే అంతకన్నా దగ్గర చుట్టముంది. పూర్వపు అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశం. పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటే, పద్యపాదాలు అల్లుతూనే అవధాని ఎత్తు చెప్పాలి. ‘ధారణ’ అను, తెలుగు పాఠకుడికి ఇంకేమీ వివరించనక్కర్లేదు.

పోలండులో పుట్టిన మాస్టర్ నజ్‌డార్ఫ్ గురించి ‘1947లో సావో పాలోలో 45 బల్లలు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. 1939లో చదరంగం ఒలింపియాడ్ ఆడటానికి బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళాడు, యుద్ధం మొదలైంది, ఇంటివాళ్ళంతా పోలండులో ఉండిపోయారు. 1943లో రొసారియోలో 40 బల్లలు చూడకుండా ఆడాడు. అంత పెద్ద సంగతి పేపర్లో పడుతుంది, ఎక్కడో మనవాళ్ళ కంట పడుతుంది, నేను బతికున్నానని తెలుస్తుందని ఆశ. భార్య, బిడ్డ, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, ఎవరూ మిగల్లేదు. 45 ఉండనీ, కానీ ఆ 40 దగ్గర ఒక పేజీ ఆగు.

రకరకాల పద్ధతుల గురించి నువ్వు రాసింది పొడి పొడిగా ఉంది. గడియారాల సైమల్ తీసుకో. ప్రతి బల్ల మీదా గడియారం పెడితే నడిచే మనిషి టైమే అన్నిచోట్లా కరిగిపోతూ ఉంటుంది. 1985లో హాంబర్గ్ జట్టు ఎనిమిది మందితో రష్యన్ మేటి కాస్పరోవ్ అలా ఆడి మూడున్నర, నాలుగున్నరతో ఓడిపోయాడు. 1987లో మళ్ళీ వెళ్ళి ఏడు, ఒకటితో బాకీ తీర్చుకున్నాడు. అలాగే ఇద్దరు మాస్టర్లు ఒకరి తర్వాత ఒకరు నడుస్తూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎత్తులు వేసేది ఒకటుంది. ముందువాడు శకటు ఎందుకు జరిపాడో వెనకవాడు ఊహించుకోవాలి. జంటకవులు చెరో పాదం చెప్పినట్టు అనుకో, కాకపోతే ఇక్కడ అపశ్రుతులే ఎక్కువ, అదే సరదా.

నేనూ ఒకసారి సైమల్‌లో కూర్చున్నాను, చాలా ఏళ్ళ కిందట, మద్రాసులోనే ఒక స్కూలు హాల్లో. మొదట్లో ఆయన ఒక చుట్టు తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు. ఎంత హాయో! ఆయన వచ్చి నిలబడ్డాకే ఎత్తు వెయ్యాలి, అదీ రూలు. పక్కవాళ్ళు ఒక్కొక్కరే ఓడి లేచిపోతున్నకొద్దీ చుట్టు చిన్నదైపోతుంది. చివరికి అయిదుగురం మిగిలాం. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే ఆయన బూట్లు మళ్ళీ నా బల్ల ముందు. ఆ టెన్షన్‌లో మంత్రిని ఊరికే ఇచ్చేశాను. నీ వ్యాసంలో అందరూ నడిచేవాడి పక్కనే ఉన్నారు. కూర్చున్నవాడి వైపు నుంచి ఒక్క పేరా రాయి.

ఇన్ని సలహాలిచ్చాక ఒకటి ఒప్పుకోవాలి, సలహాలు అందరూ వినరు. 1782లో ఫ్రెంచి రచయిత దిదెరో, ఆ కాలపు చదరంగం మేటి ఫిలిడోర్‌కి ఉత్తరం రాశాడు. చూడకుండా ఇన్ని ఆటలు ఆడి బుర్ర పాడుచేసుకోకు, వట్టి డాబు కోసం అంత ప్రమాదం ఎందుకు అని. ఫిలిడోర్ వినలేదు. మరుసటి ఏడు లండన్‌లో మళ్ళీ ఆడాడు.

ఆదివారం పొద్దున రా. రెండో ప్రతి తెచ్చుకో.

ఇట్లు,
మీ మాస్టారు